మార్చిలో ఫీనిక్స్: నాన్నగారితో, అబ్బాయితో రేంజర్స్ బేస్‌బాల్ ప్రీ సీజన్ మ్యాచ్‌లు – ప్లాన్‌కి సలహాలు కావాలి

తెనాలి_టు_టెక్సాస్ (ఫ్రిస్కో)

అందరికీ నమస్కారం. మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయికి పదకొండేళ్ళు. లిటిల్ లీగ్‌లో (పిల్లల బేస్‌బాల్) పిచింగ్, అంటే బ్యాటర్‌కి బంతి విసరడం, చేస్తాడు, మా టెక్సాస్ జట్టు రేంజర్స్ అంటే ప్రాణం. ఈసారి స్ప్రింగ్ బ్రేక్‌కి, అంటే మార్చి మధ్యలో, వాణ్ణి ఫీనిక్స్ తీసుకెళ్ళి సీజన్‌కి ముందు జరిగే మ్యాచ్‌లు చూపించాలని ఉంది. నాన్నగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు, ఆయన కూడా వస్తారు. వయసు డెబ్బై దాటింది. నడుస్తారు గానీ ఎండలో గంటల తరబడి కూర్చోలేరు. పూర్తి శాకాహారి. క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలీదు.

బుధవారం వెళ్ళి ఆదివారం తిరిగి రావాలి. మా పిన్ని కొడుకు చాండ్లర్‌లో ఉంటాడు, వాళ్ళింట్లోనే దిగాలని పట్టుబడుతున్నాడు. రేంజర్స్ ఆడేదేమో సర్‌ప్రైజ్‌లో. అబ్బాయికి లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ స్టార్ ఒహ్తానీని కూడా చూడాలని ఉంది. రోజుకి రెండు మ్యాచ్‌లు చూడొచ్చా? టికెట్లు ముందే కొనాలా? అక్కడ ఉన్నవాళ్ళు, వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

ఎడారివాసి (చాండ్లర్)

నమస్కారమండీ. ముందు మ్యాప్ తెరిచి చూడండి, సగం ప్రశ్నలకి జవాబు అక్కడే ఉంది. ఇక్కడికొచ్చే జట్లు 15, స్టేడియాలు 10. ఊరికి పడమట సర్‌ప్రైజ్, పియోరియా, గ్లెండేల్, గుడ్‌ఇయర్, మేరీవేల్. తూర్పున స్కాట్స్‌డేల్, సాల్ట్ రివర్, టెంపే, మెసాలో రెండు. మీ రేంజర్స్ 2003 నుంచీ సర్‌ప్రైజ్‌లోనే ఉన్నారు, కాన్సాస్ సిటీ రాయల్స్‌తో కలిసి. అది వాయవ్యం మూల. మేముండే చాండ్లర్ ఆగ్నేయం మూల. ట్రాఫిక్ లేకపోతే కారులో గంట. మ్యాచ్‌లు ఎక్కువగా మధ్యాహ్నం 1:05కి మొదలై నాలుగు లోపు అయిపోతాయి. అంటే ఆఫీసులు వదిలే వేళకి సరిగ్గా మీరు రోడ్డు మీద ఉంటారు. అప్పుడు గంటన్నర అనుకోండి. నాన్నగారిని ప్రతిరోజూ అలా తిప్పడం భావ్యం కాదు.

తమ్ముడి మాట తీసెయ్యమని కాదు నేననేది. బుధ, గురువారాలు పియోరియాలోనో గ్లెండేల్‌లోనో హోటల్ తీసుకోండి. శుక్రవారం మ్యాచ్ అయ్యాక చాండ్లర్ వచ్చేయండి. వారాంతం వాళ్ళతో గడుపుతూ తూర్పు వైపు మ్యాచ్ ఒకటి చూడండి. ఆయనా సంతోషిస్తాడు, మీ పనీ అవుతుంది.

టికెట్లు ముందే కొనండి. మార్చి మధ్యలో మీ పిల్లలకే కాదు, చాలా రాష్ట్రాల పిల్లలకి సెలవులు. హోటళ్ళు ఏడాది మొత్తంలో ఎక్కువ రేటు పలికే రోజులు అవే.

సుధ_ఫ్రీమాంట్

మేం శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ అభిమానులం, స్కాట్స్‌డేల్ వెళ్తుంటాం. మా అత్తగారిని కూడా తీసుకెళ్ళాం కాబట్టి పెద్దవాళ్ళ సంగతి చెప్తాను.

అన్నిటికంటే ముఖ్యం నీడ. చాలా స్టేడియాల్లో హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక, మూడో బేస్ వైపు, పై వరసల్లోకి మధ్యాహ్నం నీడ ముందుగా వస్తుంది. మొదటి బేస్ వైపు, అవుట్‌ఫీల్డ్ వైపు కూర్చుంటే సూర్యుడు ఎదురుగా మొహం మీదే ఉంటాడు. సీటు కొనేటప్పుడు ధర కంటే ముందు ఇది చూడండి. అవుట్‌ఫీల్డ్ వెనక పచ్చిక గట్టు ఉంటుంది, దుప్పటి పరుచుకుని కూర్చోవడమే. అన్నిటికంటే చవక టికెట్ అదే, పిల్లలకి స్వర్గం. కానీ అక్కడ నీడ ఉండదు, వీపుకి ఆనుకోవడానికీ ఏమీ ఉండదు. మీరో, మీ ఆవిడో అబ్బాయితో కాసేపు అక్కడికి వెళ్ళిరండి, నాన్నగారు మాత్రం సీట్లోనే ఉండాలి.

ఇంకో సంగతి. మార్చిలో అక్కడ పగలు 25 డిగ్రీలు అటూ ఇటూ, నెలాఖరుకి 30 కూడా దాటుతుంది. మన వేసవి చూసినవాళ్ళకి అదొక లెక్క కాదనిపిస్తుంది. కానీ గాలిలో తేమ ఉండదు. చెమట పట్టినట్టే తెలీదు, పట్టగానే ఆరిపోతుంది. దాహం వేసేసరికే ఒంట్లో నీళ్ళు తగ్గి ఉంటాయి. పెద్దవాళ్ళు బాత్రూమ్‌కి లేవాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానేస్తారు, కనిపెట్టి తాగించండి. టోపీ, పెదాలకి రాసుకునే క్రీమ్ తప్పనిసరి. సాయంత్రం మ్యాచ్‌కి మాత్రం స్వెట్టర్ ఉండాలి, చీకటి పడగానే చల్లబడిపోతుంది.

గుంటూరు_గణేష్

నేను గుంటూరులో ఉంటూ వరల్డ్ సిరీస్ వరకే చూసేవాణ్ణి. నాకో సందేహం. ఈ మ్యాచ్‌లకి పాయింట్లు లేవు, గెలిచినా ఓడినా లెక్కలోకి రాదు. పెద్ద ఆటగాళ్ళు సగంలో వెళ్ళిపోతారని విన్నాను. నలుగురు మనుషుల విమానం ఖర్చు, హోటల్ పెట్టుకుని ప్రాక్టీస్ మ్యాచ్ చూడ్డం ఎందుకు? ఆ డబ్బుతో ఏప్రిల్‌లో రేంజర్స్ సొంత ఊరు ఆర్లింగ్టన్‌లో మంచి సీట్లలో అసలు మ్యాచ్‌లే చూడొచ్చు కదా. తప్పుగా అనుకోకండి, తెలుసుకుందామనే అడుగుతున్నాను.

చలిలో_చికాగో

గణేష్ గారూ, మంచి ప్రశ్న. మీరు విన్నది నిజమే. మొదట్లో ముఖ్యమైన బ్యాటర్లు రెండు మూడుసార్లు బ్యాటింగ్‌కి వచ్చి ఐదో ఇన్నింగ్స్‌కల్లా స్నానం చేసి వెళ్ళిపోతారు. పిచ్చర్ మొదటిసారి ఒకటి రెండు ఇన్నింగ్స్ వేస్తాడు, ఒక్కో వారం పెంచుకుంటూ మార్చి చివరికి ఐదారుకి వస్తాడు. తొమ్మిదో, అంటే చివరి ఇన్నింగ్స్ అయ్యాక స్కోరు సమానమైతే టై అని చెప్పి ఇంటికి పంపిస్తారు. ఒకే రోజు జట్టు రెండుగా చీలి రెండు ఊళ్ళలో ఆడటమూ ఉంది. గెలుపోటముల కోసం వెళ్ళేవాళ్ళకి ఇది చప్పగానే ఉంటుంది.

కానీ ఆ ఆరో ఇన్నింగ్స్ తర్వాత వచ్చేవాళ్ళని చూడండి. వీపు మీద 80లు, 90ల్లో నంబర్లు ఉంటాయి, కొందరికి చొక్కా మీద పేరు కూడా ఉండదు. సీజన్ మొదలయ్యేసరికి జట్టులో చోటు 26 మందికే. శిబిరానికి వచ్చేది అంతకి రెండింతల పైమాటే. పెద్ద ఆటగాడికి ఈ మ్యాచ్ వామప్ అయితే, ఈ కుర్రాడికి ఇదే పరీక్ష. ఒక బేస్ దాకా వచ్చే హిట్‌ని రెండు బేస్‌లు చెయ్యడానికి దుమ్ములో బోర్లా దూకుతాడు. పాయింట్లు లేని మ్యాచ్‌లో ఒక మనిషి అంత కష్టపడటం దగ్గరగా చూస్తే ఎవరికైనా ఆట మీద గౌరవం పెరుగుతుంది. అదీ పదకొండేళ్ళ పిచ్చర్‌కి అయితే ఇక చెప్పక్కర్లేదు. ఆర్లింగ్టన్‌లో పైకప్పు కింద, పై అంతస్తులో కూర్చుంటే ఇది కనబడదు.

రైడర్స్_రవి (ఫ్రిస్కో)

మన ఊరివాళ్ళే కాబట్టి గట్టిగా చెప్తున్నాను. మ్యాచ్ ఒక్కటే చూసి రాకండి, పొద్దున్నే వెళ్ళండి. సర్‌ప్రైజ్‌లో స్టేడియం వెనక ప్రాక్టీస్ మైదానాలు వరసగా ఉంటాయి. పెద్ద జట్టు ప్రాక్టీసు, మైనర్ లీగ్ (పెద్ద జట్టుకి కింది స్థాయి) కుర్రాళ్ళ ప్రాక్టీసు అన్నీ అక్కడే. ఏ రోజు ఏ మైదానంలోకి జనాన్ని రానిస్తారో ముందు రోజు కనుక్కుని వెళ్ళండి.

నేను చూసిందొకటి చెప్తాను. కంచెకి ఇవతల మేం, అవతల చెయ్యి చాపితే అందేంత దూరంలో ఒక కుర్ర పిచ్చర్. బంతిని చేతిలో తిప్పుకుంటూ కుట్లు వేళ్ళకి ఎక్కడ తగలాలో చూసుకుంటున్నాడు. వేశాడు, ప్లేట్‌కి ముందే నేలకి తగిలి లేచింది. క్యాచర్ ఏమీ అనలేదు, గ్లవ్ తీసి మోకాలి దగ్గర పెట్టి చూపించాడు. మళ్ళీ అదే బంతి, మళ్ళీ నేలకే. పక్కన టాబ్లెట్ పట్టుకున్న కోచ్ ఏదో అంకె చెప్పాడు. పిచ్చర్ బొటనవేలు కాస్త కిందకి జరిపాడు. ఈసారి బంతి గ్లవ్‌లో పడ్డ చప్పుడు పక్క మైదానం దాకా వినబడింది. ముగ్గురూ నవ్వారు. పిచింగ్ నేర్చుకునే పిల్లాడికి ఇంతకంటే మంచి క్లాసు ఏ అకాడమీలో దొరుకుతుంది?

ఇంకో ముఖ్యమైన సంగతి, ఎవరూ ఎత్తలేదేంటి! రేంజర్స్ పిచ్చర్ కుమార్ రాకర్! నాన్న ట్రేసీ రాకర్ ఆబర్న్ యూనివర్సిటీలో పేరున్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. అమ్మ లలిత, ఆమె తల్లిదండ్రులు భారతదేశం నుంచి వలస వచ్చినవాళ్ళు. 2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున డ్యూక్ యూనివర్సిటీ మీద 19 మందిని స్ట్రయికౌట్ (మూడు స్ట్రయిక్‌లతో అవుట్) చేసి ఒక్క హిట్ కూడా ఇవ్వని కుర్రాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ జట్టు డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) ఎంచుకున్నా ఒప్పందం కుదరలేదు, మరుసటి ఏడాది మూడో నంబరుగా రేంజర్స్ తీసుకున్నారు. మోచేతి ఆపరేషన్ తర్వాత 2024లో రేంజర్స్ మైనర్ లీగ్ జట్టు, మన ఫ్రిస్కో రఫ్ రైడర్స్‌కి ఆడి, అదే సెప్టెంబర్‌లో పెద్ద జట్టుకి వెళ్ళాడు. మన పిల్లలకి ఆ పేరు తెలియాలి.

తెనాలి_టు_టెక్సాస్

రవి గారూ, మీరు రాసింది నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన కాలేజీ రోజుల్లో ఆఫ్ స్పిన్ వేసేవారు. బొటనవేలు జరిపిన సంగతి మళ్ళీ చదివించుకున్నారు! ఇప్పటిదాకా మా కోసం వస్తానన్నారు, ఇప్పుడు ఆయనే పొద్దున్న ఎన్నింటికి బయల్దేరాలని అడుగుతున్నారు. కుమార్ రాకర్ పేరు వినగానే 'ఆ లలిత వాళ్ళది ఏ ఊరు' అన్నారు.

ఒహ్తానీ సంగతి ఎవరైనా చెప్పండి. అలాగే ఆటోగ్రాఫ్‌లు.

ఎల్‌ఏ_లావణ్య

డాడ్జర్స్ గ్లెండేల్‌లో కామెల్‌బ్యాక్ రాంచ్‌లో ఉంటారు, 2009 నుంచి, వైట్ సాక్స్‌తో కలిసి. అందమైన ప్రాంగణం, మధ్యలో చిన్న చెరువు, దాని చుట్టూ నడిచే దారి. ఒహ్తానీ వచ్చాక ఆ టికెట్లు బాగా ఖరీదయ్యాయి. పైగా ఏ రోజు ఆడతాడో ముందే ఖాయంగా ఎవరూ చెప్పలేరు. ఆడితే సొంత స్టేడియంలో ఆడే అవకాశం ఎక్కువ. వేరే ఊళ్ళో మ్యాచ్ అంటే పెద్ద ఆటగాళ్ళు చాలామంది బస్సెక్కరు. కాబట్టి 'డాడ్జర్స్ సర్‌ప్రైజ్ వస్తున్నారు, రెండూ ఒకేసారి చూసేద్దాం' అనుకోవద్దు. రేంజర్స్ అయినా అంతే, సొంత మైదానంలో మ్యాచ్‌లే కొనండి.

ఆటోగ్రాఫ్‌లకి గేట్లు తెరవగానే లోపలికెళ్ళి, జట్టు కూర్చునే వైపు, డగౌట్ (ఆటగాళ్ళు కూర్చునే చోటు) దాటాక అవుట్‌ఫీల్డ్ వైపు సాగే రెయిలింగ్ దగ్గర నిలబడండి. బంతి మీద అయితే నీలం రంగు బాల్ పెన్ను, మార్కర్ సిరా తోలు మీద పాకుతుంది. కార్డుల మీదకి మార్కర్. అబ్బాయినే అడగనివ్వండి, ఆటగాడి ఇంటిపేరుకి ముందు మిస్టర్ పెట్టి పిలవమనండి. పిల్లలు మర్యాదగా అడిగితే ఆగేవాళ్ళు ఎక్కువ.

వరంగల్_వంశీ (ఆస్టిన్)

రోజుకి రెండు మ్యాచ్‌లు కుదురుతాయి. మధ్యాహ్నం పియోరియాలో ఒకటి, సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో గ్లెండేల్‌లోనో సర్‌ప్రైజ్‌లోనో ఇంకొకటి. మేం స్నేహితులం అలాగే చూస్తాం. మధ్యలో ఒకరోజు పొద్దున్నే బయల్దేరి గ్రాండ్ కేన్యన్ కూడా చూసి రావచ్చు. అంత దూరం వెళ్ళి అది చూడకపోతే ఎలా?

ఎడారివాసి (చాండ్లర్)

వంశీ, కుర్రాళ్ళకి ఓకే. గ్రాండ్ కేన్యన్ సౌత్ రిమ్ ఇక్కణ్ణుంచి దాదాపు 230 మైళ్ళు. వెళ్ళి రావడానికే ఏడెనిమిది గంటలు కారులో. పైగా అది సముద్రమట్టానికి 7,000 అడుగుల ఎత్తు, మార్చిలో మంచు ఉండొచ్చు. డెబ్బై దాటిన మనిషిని బేస్‌బాల్ సీట్లలోంచి తీసి మంచులోకి, మళ్ళీ తెల్లారి ఎండలోకి... వద్దండీ. అది వేరే ట్రిప్. ఎడారి చూపించాలంటే ఊళ్ళోనే పాపాగో పార్కులో డెజర్ట్ బొటానికల్ గార్డెన్ ఉంది. సగువారో జెముళ్ళు చూడండి. మనిషికి నాలుగైదింతల ఎత్తు, మొదటి కొమ్మ రావడానికే యాభై ఏళ్ళ పైన పడుతుంది. నీడ ఉంది, బెంచీలున్నాయి.

రెండు మ్యాచ్‌ల మాట కూడా నా ఓటు వద్దనే. పొద్దున ప్రాక్టీసు, మధ్యాహ్నం మ్యాచ్. సాయంత్రం హోటల్లో పెద్దాయన నడుం వాల్చాలి, పిల్లాడు ఈత కొట్టాలి. నిదానంగా చూస్తేనే ఇక్కడి ఆనందం.

పాత_స్కోర్‌కార్డు (సియాటిల్)

ఒక్క ముక్క చరిత్ర చెప్తాను, నాన్నగారికి నచ్చుతుంది. ఈ ఎడారికి జట్లు రావడం 1947లో గట్టిగా మొదలైంది. క్లీవ్‌లాండ్ జట్టు యజమాని బిల్ వెక్ తన జట్టుని అరిజోనాలోనే ఉన్న టూసాన్ తెచ్చాడు, న్యూయార్క్ జెయింట్స్ (ఇప్పటి శాన్‌ఫ్రాన్సిస్కో జట్టే) ఫీనిక్స్ వచ్చారు. ఫ్లోరిడాలో నల్లవారి పట్ల వివక్ష చూసి వెక్ విసిగిపోయాడు, నల్లజాతి ఆటగాళ్ళని తీసుకోవాలన్నది అతని ఆలోచన. ఆ జూలైలోనే లారీ డోబీని తీసుకున్నాడు, మేజర్ లీగ్‌లో సగమైన అమెరికన్ లీగ్‌లో తొలి నల్లజాతి ఆటగాడు. అయినా మరుసటి వసంతంలో టూసాన్‌లో జట్టు దిగిన హోటల్ డోబీకి గది ఇవ్వలేదు. ఒక కుటుంబం ఇంట్లో ఉండాల్సి వచ్చింది. అదే ఏడాది క్లీవ్‌లాండ్ వరల్డ్ సిరీస్ గెలిచింది, అందులో డోబీ పాత్ర పెద్దది. ఎండలో హాయిగా కూర్చుని చూసే ఆట వెనక ఇదీ ఉందని పిల్లాడికి చెప్పాలి.

ఇప్పుడు టూసాన్‌లో జట్లేవీ లేవు, అన్నీ ఫీనిక్స్ చుట్టూనే. ఫ్లోరిడాలో మిగతా 15 జట్లు రాష్ట్రమంతా చెదిరి ఉంటాయి, ఒక మ్యాచ్ నుంచి ఇంకో మ్యాచ్‌కి కొన్నిచోట్ల గంటల ప్రయాణం. ఇక్కడ ఆ బాధ లేదు.

ఆటలో మార్పులు కూడా ముందు ఇక్కడే కనబడతాయి. పిచ్చర్ ఇంత సేపట్లో బంతి వెయ్యాలనే పిచ్ క్లాక్ మేజర్ లీగ్‌లో నిబంధనగా అమల్లోకి వచ్చినప్పుడు మొదట కనబడింది 2023 వసంతపు మ్యాచ్‌ల్లోనే. 2025లో బాల్-స్ట్రయిక్ (పిచ్చర్ వేసిన బంతి సరైన చోటి నుంచి వెళ్ళిందా లేదా) నిర్ణయం మీద అప్పీలు పరీక్షించారు: బ్యాటరో, పిచ్చరో, క్యాచరో వెంటనే నెత్తి మీద తడితే కెమెరా లెక్క స్క్రీన్ మీద వస్తుంది. క్రికెట్‌లో డీఆర్‌ఎస్ చూసిన నాన్నగారికి అది ఇట్టే అర్థమవుతుంది.

సుధ_ఫ్రీమాంట్

తిండి సంగతి మర్చిపోయాం. స్టేడియంలో శాకాహారం అంటే నాచోస్, ప్రెట్‌జెల్, పాప్‌కార్న్, వేయించిన వేరుశనగకాయలు. కాయలు ఒలుచుకుంటూ మ్యాచ్ చూడటం పెద్దవాళ్ళకి బాగా నచ్చుతుంది, కానీ ఉప్పు ఎక్కువ, బీపీ ఉంటే చూసుకోండి. నాచోస్ మీద చీజ్‌తో పాటు మాంసం వేస్తారు, ముందే చెప్పండి. బయటి తిండి, నీళ్ళ సీసా లోపలికి రానిస్తారా, సంచీ ఎంత ఉండాలి అన్నది ఒక్కో స్టేడియానికి ఒక్కో రూలు. మందులు పారదర్శకమైన సంచీలో పెట్టుకోండి. చాలాచోట్ల నగదు తీసుకోరు, నాన్నగారి చేతిలో కార్డు ఉండాలి.

ఎడారివాసి (చాండ్లర్)

పడమట వైపు మన భోజనం తక్కువ. ఇడ్లీ, దోశ, ఆంధ్రా భోజనం అంటే చాండ్లర్, టెంపే వైపే. బుధ, గురువారాలకి పులిహోర, పెరుగు సర్దుకోండి, మైక్రోవేవ్, ఫ్రిజ్ ఉన్న గది తీసుకోండి. ఆదివారం పొద్దున వీలైతే మారికోపాలో మహాగణపతి గుడికి వెళ్ళండి, చాండ్లర్ నుంచి అరగంట పైచిలుకు. చుట్టూ ఎడారి, ప్రశాంతంగా ఉంటుంది.

టైమ్ సంగతి గుర్తుంచుకోండి. అరిజోనాలో గడియారం మార్చరు. మార్చి రెండో ఆదివారం మీ టెక్సాస్‌లో గంట ముందుకి జరుపుతారు, ఆ తర్వాత మాకూ మీకూ తేడా రెండు గంటలు. మీరు వచ్చేది ఆ తర్వాతే. మొదటి రెండు రోజులు నాన్నగారికి మూడున్నరకే మెలకువ వచ్చేస్తుంది. ప్రాక్టీసు చూడటానికి అదీ మంచిదే.

తెనాలి_టు_టెక్సాస్

అందరికీ ధన్యవాదాలు. ఇంట్లో కూర్చుని ఖాయం చేశాం. బుధవారం పొద్దున విమానం, పియోరియాలో వంటగది ఉన్న హోటల్, ఆ రోజు విశ్రాంతి. గురువారం పొద్దున సర్‌ప్రైజ్ ప్రాక్టీస్ మైదానాలు, మధ్యాహ్నం రేంజర్స్ మ్యాచ్, మూడో బేస్ వైపు పై వరస. శుక్రవారం గ్లెండేల్‌లో డాడ్జర్స్, ఒహ్తానీ ఆడితే అదృష్టం. అది అవగానే చాండ్లర్. తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను, మొదట కాస్త అలిగాడు గానీ శనివారం మ్యాచ్‌కి వాళ్ళ కుటుంబాన్నీ తీసుకెళ్తామంటే సరే అన్నాడు. మొత్తం ఎనిమిది మందిమి. శనివారానికి మెసాలో కబ్స్ మ్యాచ్ అయితే ఎలా ఉంటుంది?

చలిలో_చికాగో

స్లోన్ పార్క్! మా వాళ్ళ ఇల్లు. 15,000 మంది పడతారు, వసంతకాలపు స్టేడియాల్లో అదే పెద్దది. చికాగో చలి నుంచి పారిపోయి వచ్చినవాళ్ళతో నిండిపోతుంది, వాతావరణం బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ శనివారం, సెలవుల్లో, ఎనిమిది సీట్లు ఒకేచోట, అదీ నీడలో దొరకడం చాలా కష్టం. నలుగురు పెద్దవాళ్ళకి నీడలో సీట్లు, మిగతావాళ్ళకి పచ్చిక గట్టు టికెట్లు తీసుకోండి. అవీ ఆలస్యం చేయకుండా కొనండి.

ఎడారివాసి (చాండ్లర్)

మెసాలో దొరక్కపోతే టెంపేలో ఏంజెల్స్ మ్యాచ్ ఉందేమో చూడండి, చాండ్లర్‌కి దగ్గర, జనం తక్కువ. ఏదైనా మ్యాచ్‌కి గంటన్నర ముందే బయల్దేరండి. పార్కింగ్ నుంచి గేటు దాకా నడక ఎక్కువే, నాన్నగారిని గేటు దగ్గర దింపేసి తర్వాత కారు పెట్టుకోండి. శనివారం నేనూ వస్తాను, సీట్లు ఖాయమయ్యాక సెక్షన్ నంబరు ఇక్కడ పెట్టండి.